కాలిఫోర్నియాలో మొదటి రైఫిల్: ఏది కొంటే తలనొప్పి ఉండదు?

ఫ్రీమాంట్_రాజు
అందరికీ నమస్తే. మొదటి రైఫిల్ కొనాలి, సలహా కావాలి. వాడకం ముఖ్యంగా రేంజ్‌లో, 50 నుంచి 200 గజాల దూరంలో కాగితం టార్గెట్ల మీద. తర్వాతెప్పుడైనా అడవి పంది వేటకు పనికొస్తే మంచిదే. పన్నులు, ఫీజులు అన్నీ కలిపి వెయ్యి డాలర్లు దాటకూడదు. నాకు గ్రీన్ కార్డు ఉంది. భార్యది హెచ్-1బి. వేసవిలో అమ్మానాన్నలు బి-2 మీద వస్తారు. షాపులో ఏఆర్ (ఏఆర్-15 రకం) రైఫిల్‌కి చేప రెక్కలా పలక బిగించిన గ్రిప్ చూపించి "ఫీచర్‌లెస్, పూర్తిగా లీగల్" అన్నారు. అది తీసుకోవచ్చా? అసలు ఆ రెక్క ఎందుకు?

శాక్రమెంటో_శాస్త్రి
రాజు గారూ, మోడల్ సంగతి తర్వాత. కాలిఫోర్నియాలో ముందు చూసుకోవాల్సింది రైఫిల్ ఏ రకం అన్నది. మూడు ప్రశ్నలు వేసుకోండి: సెమీ ఆటోమేటిక్కా (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పేలి, తర్వాతిది దానంతటదే ఎక్కేది)? తూటా సెంటర్‌ఫైరా, రిమ్‌ఫైరా (నిప్పంటించే మందు తూటా అడుగు మధ్యలో ఉందా, అంచులో ఉందా)? మ్యాగజైన్ (తూటాల డబ్బా) ఊడి వస్తుందా? మూడింటికీ "అవును, సెంటర్‌ఫైర్, వస్తుంది" అయితేనే మీరు అసాల్ట్ వెపన్ (రాష్ట్రం నిషేధించిన రకం తుపాకీ) చట్టం గీత దగ్గరికి వచ్చినట్టు. ఒక్కదానికి జవాబు మారినా చాలావరకు దూరంగా ఉన్నట్టే.

కాస్త చరిత్ర చెబితే రెక్క సంగతి అర్థమవుతుంది. 1989లో స్టాక్టన్ స్కూలు కాల్పుల తర్వాత రాబర్టీ-రూస్ చట్టం వచ్చింది. అందులో కొన్ని తుపాకులను పేరుపెట్టి నిషేధించారు. పేరు మార్చి అదే సరుకు అమ్మడం మొదలయ్యేసరికి, 2000 జనవరి 1 నుంచి ఆకారాన్ని బట్టి నిర్వచనం పెట్టారు. సెమీ ఆటో, సెంటర్‌ఫైర్, ఫిక్స్‌డ్ మ్యాగజైన్ లేని రైఫిల్‌కి ఈ కింది ఫీచర్లలో ఒక్కటున్నా అది అసాల్ట్ వెపన్: యాక్షన్ (తూటాను ఎక్కించి పేల్చే యంత్రభాగం) కిందికి పొడుచుకొచ్చిన పిస్టల్ గ్రిప్, బొటనవేలు దూర్చే రంధ్రమున్న స్టాక్ (భుజానికి ఆనించే భాగం), మడిచే లేదా లాగి పొడిగించే స్టాక్, ఫ్లాష్ సప్రెసర్, ముందువైపు పిస్టల్ గ్రిప్, గ్రెనేడ్ లేదా ఫ్లేర్ లాంచర్. ఫీచర్ ఏదీ లేకపోయినా, సెమీ ఆటో సెంటర్‌ఫైర్ రైఫిల్ మొత్తం పొడవు 30 అంగుళాలకు తగ్గితే అదీ అంతే. ఫిక్స్‌డ్ మ్యాగజైన్‌లో 10 కంటే ఎక్కువ పట్టినా అంతే.

ఇక రెక్క. పిస్టల్ గ్రిప్ అంటే ఏమిటో రాష్ట్ర నిబంధనల్లో కొలతతో సహా రాశారు. ట్రిగ్గర్ నొక్కే చేతి బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఉండే చర్మపు మడత, బయటికి కనబడే ట్రిగ్గర్ పైఅంచు కంటే కిందికి వచ్చేలా పట్టుకోగలిగితే అది పిస్టల్ గ్రిప్. రెక్క అడ్డుంటే బొటనవేలు గ్రిప్ చుట్టూ తిరగదు, చెయ్యి పైనే ఆగిపోతుంది. దాని పని అంతే. కొనేముందు రైఫిల్ చేతిలోకి తీసుకుని ఈ మడత ఎక్కడ ఆనుతోందో అద్దంలోనో ఫోన్ ఫొటోలోనో చూసుకోండి. "లీగల్" అని షాపువాడు అన్నమాట కోర్టులో నిలబడదు.

కడప_కుర్రోడు
శాస్త్రి గారు రూలు కరెక్ట్‌గా చెప్పారు గానీ, ఏఆర్ వద్దన్నట్టు వినిపిస్తోంది. నేనైతే ఫీచర్‌లెస్ ఏఆర్‌కే ఓటేస్తా. 5.56 తూటా వెనక్కి తన్నదు, స్పేర్ పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి, బ్యారెల్ మార్చడం సులువు. రెక్క గ్రిప్, కదలకుండా పిన్ చేసిన స్టాక్ లేదా ఏ2 రకం ఫిక్స్‌డ్ స్టాక్, ముందు ఫ్లాష్ హైడర్ (అంటే ఫ్లాష్ సప్రెసర్) బదులు వెనక్కి తన్నడం తగ్గించే మజిల్ బ్రేక్ గానీ ఒట్టి థ్రెడ్ ప్రొటెక్టర్ (మరలకు తొడిగే మూత) గానీ, కింద నిలువు గ్రిప్ లేకపోవడం. ఇంతే కదా. మ్యాగజైన్ మామూలుగానే నొక్కితే ఊడుతుంది, 10 రౌండ్లది పెట్టుకోవడమే.

ఇక్కడ చాలామంది పొరబడేది మరలు ఉన్న బ్యారెల్ దగ్గర. థ్రెడెడ్ బ్యారెల్ అనేది పిస్టల్ నిర్వచనంలో ఫీచర్, రైఫిల్ నిర్వచనంలో కాదు. కాబట్టి మరలు కోయించుకోనక్కర్లేదు.

శాక్రమెంటో_శాస్త్రి
కుర్రోడా, మరల సంగతి నిజమే. కానీ బ్రేక్ దగ్గర ఓ మెలిక ఉంది. డబ్బా మీద "మజిల్ బ్రేక్" అని రాసి ఉంటే సరిపోదు. నిప్పు వెలుగును షూటర్ చూపు నుంచి తగ్గించేలా లేదా పక్కకు మళ్లించేలా తయారుచేసినా, ఆ పని చేసినా అది ఫ్లాష్ సప్రెసరే. రెండు పనులూ చేసే హైబ్రిడ్ అయినా సప్రెసర్ కిందే లెక్క. కొత్త ఏఆర్‌లలో చాలావాటికి ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఏ2 బర్డ్‌కేజ్ ఫ్లాష్ సప్రెసరే. అనుమానం ఉంటే థ్రెడ్ ప్రొటెక్టర్ బిగించి వదిలేయడం ఉత్తమం. పైగా కప్పున్న రేంజ్‌లో బ్రేక్ పెడితే పక్క లేన్‌లో వాళ్ల చెవులు చిల్లులే.

రెండోది, ఫీచర్లు తీసేసినా పేరు పట్టుకుంటుంది. కోల్ట్ ఏఆర్-15, బుష్‌మాస్టర్ ఎక్స్ఎమ్15, డీపీఎమ్ఎస్ ప్యాంథర్ లాంటివి పేర్ల జాబితాలో ఉన్నాయి. ఆ ముద్ర ఉన్న రిసీవర్ (మిగతా భాగాలు బిగించే మూల భాగం) మీద రెక్క పెట్టినా, ఏది పెట్టినా అసాల్ట్ వెపనే. కొత్తవి అమ్మే షాపులో ఈ గొడవ రాదు. చేతులు మారే పాత సరుకు దగ్గరే రిసీవర్ మీద చెక్కిన తయారీదారు పేరు, మోడల్ పేరు చదవాలి.

బోల్ట్_బాబాయ్
జాబితా మాట వచ్చింది కాబట్టి పాత సోవియట్ సెమీ ఆటో రైఫిల్ ఎస్‌కెఎస్ ఉదాహరణ బాగుంటుంది. 10 రౌండ్ల ఫిక్స్‌డ్ మ్యాగజైన్‌తో వచ్చిన అసలు ఎస్‌కెఎస్ ఫర్వాలేదు. ఊడే మ్యాగజైన్ ఉన్న ఎస్‌కెఎస్ మాత్రం 1989 చట్టంలోనే పేరుతో సహా ఉంది. ఎవరో పాతికేళ్ల కిందట మ్యాగజైన్ మార్పించిన ఎస్‌కెఎస్‌ని చవగ్గా ఇస్తామంటే దణ్ణం పెట్టి వచ్చేయండి.

వల్లెహో_వాసు
ఫీచర్‌లెస్ చూడ్డానికి ఛండాలంగా ఉంటుంది. మామూలు గ్రిప్, మామూలు స్టాక్ ఉంచుకుని మ్యాగజైన్ లాక్ వేసుకుంటే? ఫిక్స్‌డ్ మ్యాగజైన్ కింద చెల్లుతుంది కదా.

బోల్ట్_బాబాయ్
చెల్లుతుంది, కాకపోతే సరిగ్గా ఉండాలి. చట్టం ప్రకారం ఫిక్స్‌డ్ అంటే యాక్షన్‌ని విడదీయకుండా మ్యాగజైన్ బయటికి రాకూడదు. ఏఆర్‌లో వెనక టేక్‌డౌన్ పిన్ లాగి పైభాగం ఎత్తితే తప్ప మ్యాగజైన్ కదలకూడదన్నమాట. తూటా కొనతో నొక్కి ఊడదీసే పాత బుల్లెట్ బటన్ కాలం 2016 చట్టాలతో పోయింది. అప్పటికే ఉన్నవాటి రిజిస్ట్రేషన్ గడువు 2018 జూన్ 30తో ముగిసింది. ఇప్పుడు బుల్లెట్ బటన్‌తో ఫీచర్లున్న ఏఆర్ ఎవరైనా "రిజిస్టర్డ్" అని మీకు అమ్మజూపితే, అది వాళ్లకే తప్ప మీకు బదిలీ కాదు.

లాక్ పద్ధతిలో నాకు నచ్చనిది జామ్ అయినప్పటి సంగతి. డబుల్ ఫీడ్ అయిందనుకోండి. మామూలు ఏఆర్‌లో మొదటి పని మ్యాగజైన్ లాగేయడం. లాక్ ఉంటే అది కుదరదు, పైభాగం ఎత్తాలి. కానీ రెండు తూటాలు ఇరుక్కుని బోల్ట్ క్యారియర్ సగం వెనకే, బఫర్ ట్యూబులోకి దూరి ఉంటే పైభాగం ఎత్తడానికి రాదు. తూటా లోపల, బోల్ట్ స్ప్రింగు ఒత్తిడిలో, రైఫిల్ తెరుచుకోదు. అప్పుడు జనం స్క్రూడ్రైవర్ పెట్టి కెలుకుతారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అసలే వద్దు. దీనికి పరిష్కారంగా జామ్ క్లియర్ చేసే ప్రత్యేక పనిముట్లు అమ్ముతారు గానీ, అంత తిప్పలు పడాల్సిన అవసరం ఏముంది?

కడప_కుర్రోడు
లాక్ విషయంలో బాబాయ్‌తో ఏకీభవిస్తా. అందుకే ఫీచర్‌లెస్ అన్నాను. ఇంకోటి, బెనిటెజ్ జడ్జి గారు ఈ చట్టాన్ని కొట్టేశారుగా. రేపోమాపో అంతా తేలిపోతుంది, మామూలు గ్రిప్ కూడా కొనిపెట్టుకుంటే…

ఉమ_శాన్‌డియెగో
ఆ "రేపోమాపో" మీద ఎవరూ ఆశ పెట్టుకోవద్దండి. అసాల్ట్ వెపన్ చట్టం మీద మిల్లర్ కేసులో 2021లో ఒకసారి, 2023లో మరోసారి జిల్లా జడ్జి చట్టం చెల్లదన్నారు. రెండుసార్లూ తొమ్మిదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు స్టే ఇచ్చింది. చట్టం ఒక్కరోజు కూడా ఆగలేదు. 10 రౌండ్ల మ్యాగజైన్ పరిమితి మీద డంకన్ కేసు చూడండి. 2019 వసంతంలో ఓ వారం రోజులు తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. 2025 మార్చిలో ఫుల్ బెంచి రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. కొన్నిచోట్ల మాత్రం ఊరట వచ్చింది. నెలకు ఒక్క తుపాకీ మాత్రమే కొనాలన్న నిబంధనను అదే సర్క్యూట్ 2025 జూన్‌లో కొట్టేసింది. ఏ కేసు ఎటు తిరుగుతుందో చెప్పలేం. కొనే రోజున అమల్లో ఉన్న రూలే చూసుకోవాలి.

రాజు గారి విషయంలో రైఫిల్ కంటే ముఖ్యమైనది ఇంటి సంగతి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు తుపాకీ కొనడంలో ఫెడరల్ అడ్డంకి లేదు. కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473లో పౌరసత్వం అడిగిన చోట ఇండియా అని నిజం రాసి, ఏలియన్ నంబరు వేయాలి. కార్డు వెంట తీసుకెళ్లండి. ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు) పెండింగ్ అంటే మాత్రం గ్రీన్ కార్డు వచ్చినట్టు కాదు.

హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1, బి-2 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. మినహాయింపుల్లో మనవాళ్లకు పనికొచ్చేది ఒక్కటే, అమెరికాలో ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా అది దగ్గర ఉంచుకోవడమే. "సరదాగా వీకెండ్ రేంజ్‌కి వెళ్లాం" అని హెచ్-1బి వాళ్లు ఫొటోలు పెడుతుంటారు చూడండి, అవి సాక్ష్యాలు.

మీ ఆవిడ కూడా కాల్చాలనుకుంటే ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేసి, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ విభాగం దగ్గర హంటింగ్ లైసెన్సు తీసుకోవాలి. కాలిఫోర్నియా లైసెన్సు జులై 1 నుంచి జూన్ 30 వరకే. జులై 1 నాడు రెన్యూ చేయడం మర్చిపోతే ఆ పూట నుంచే మినహాయింపు పోయినట్టు. లైసెన్సు లేకపోతే సేఫ్ కోడ్ ఆవిడకు తెలియకూడదు, తాళం అందుబాటులో ఉండకూడదు. మొగుడూ పెళ్లాల మధ్య దాపరికమేంటి అంటారేమో, ఇక్కడ చట్టం చూసేది ఎవరి చేతికి అందుతుందనే. అమ్మానాన్నలకూ అదే వర్తిస్తుంది. నాన్నగారిని రేంజ్‌కి తీసుకెళ్లి "ఒక్క రౌండు" అనొద్దు.

ఫ్రీమాంట్_రాజు
ఉమ గారూ, సేఫ్ కోడ్ సంగతి అసలు తట్టలేదు. థాంక్స్ అండి. మరి నా వరకు రిస్క్ ఏంటి? ఫీచర్‌లెస్‌లో చిన్న తేడా జరిగితే ఫైన్ కట్టి బయటపడొచ్చా?

ఉమ_శాన్‌డియెగో
ఫైన్‌తో పోయేది కాదు. రిజిస్టర్ కాని అసాల్ట్ వెపన్ దగ్గర ఉంటే ప్రాసిక్యూటర్ దాన్ని మిస్‌డెమీనర్‌గా గానీ ఫెలొనీగా గానీ పెట్టొచ్చు. ఇమ్మిగ్రేషన్ చట్టంలో తుపాకీ నేరాలకు విడిగా డిపోర్టేషన్ క్లాజు ఉంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. సిటిజన్‌కి లాయరు ఫీజుతో సరిపోయే తప్పు, మనకు ఉన్న ఊరు వదిలేయాల్సిన తప్పు అవుతుంది. అందుకే సిటిజన్‌షిప్ వచ్చేదాకా గీత పక్కన నిలబడే రైఫిల్ జోలికి పోవద్దంటాను. గంజాయి సంగతీ ఇక్కడే చెప్పేస్తా. రాష్ట్రంలో లీగలే అయినా ఫెడరల్ చట్టం దృష్టిలో వాడేవాళ్లు తుపాకీకి అనర్హులు, ఫారంలోనే ఆ ప్రశ్న ఉంటుంది.

కడప_కుర్రోడు
సరే, గ్రీన్ కార్డు కోణంలో చూస్తే నా ఓటు వెనక్కి. సిటిజన్లకు మాత్రం ఇప్పటికీ ఏఆరే. మరి మామూలు గ్రిప్ విడిగా డబ్బాలో పెట్టుకుని, నెవాడా వెళ్లినప్పుడు అక్కడ బిగించుకుని…

మోడరేటర్
ఆ వరసలో ఇంకో అడుగు వద్దు. అక్కడ బిగించి అలాగే కారులో పెట్టుకుని సరిహద్దు దాటి వచ్చేస్తే అది అసాల్ట్ వెపన్ దిగుమతి. చట్టంలోపల ఏం కొనాలో మాట్లాడుకుందాం.

బోల్ట్_బాబాయ్
ఇక అసలు సరుకు సంగతి. రాజూ, నీ వాడకానికి రెండు దారులున్నాయి.

ఒకటి, రిమ్‌ఫైర్. అసాల్ట్ వెపన్ నిర్వచనం సెంటర్‌ఫైర్‌కే కాబట్టి .22 ఎల్ఆర్ సెమీ ఆటోకి పిస్టల్ గ్రిప్ ఉన్నా, స్టాక్ పొడిగినా పట్టింపు లేదు. బ్యారెల్ 16 అంగుళాలకు, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గకపోతే చాలు. 1964 నుంచి వస్తున్న రూగర్ 10/22 అందరికీ తెలిసిందే. 18.5 అంగుళాల బ్యారెల్, గుండ్రంగా తిరిగే 10 రౌండ్ల మ్యాగజైన్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. అంటే మన పరిమితికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. దానికే 25 రౌండ్ల వంకర మ్యాగజైన్ కూడా తయారవుతుంది, రిమ్‌ఫైర్ కదా అని దాన్ని తెప్పించుకోవద్దు. 10 పరిమితి రిమ్‌ఫైర్‌కీ ఉంది. మినహాయింపు .22 ట్యూబు మ్యాగజైన్లకు, లెవర్ యాక్షన్‌లో ఉండే ట్యూబు మ్యాగజైన్లకు మాత్రమే. గురి కుదరాలంటే సీజెడ్ 457 లాంటి .22 బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగి ఎక్కించేది) ఇంకా మేలు. కాకపోతే .22 దమ్ము 100 గజాల దాకానే. ఆ పైన గాలి వీస్తే తూటా ఎక్కడికో కొట్టుకుపోతుంది. పందికి పనికిరాదు, ఇక్కడ పెద్ద జంతువుల వేటకు రిమ్‌ఫైర్ చట్టప్రకారమూ చెల్లదు.

రెండోది, సెంటర్‌ఫైర్ బోల్ట్ యాక్షన్. సెమీ ఆటో కాదు కాబట్టి ఫీచర్ల గోలే లేదు. పిస్టల్ గ్రిప్ ఉన్న చాసిస్, మడిచే స్టాక్, బ్యారెల్ కొసన ఏ హైడర్ పెట్టినా బోల్ట్‌కి వర్తించదు. మ్యాగజైన్ 10 దాటకూడదు, సైలెన్సర్ అసలు కుదరదు, .50 బీఎమ్‌జీ (భారీ క్యాలిబర్) 2005 నుంచి నిషేధం. ఇవి మూడే గుర్తుంచుకో. రూగర్ అమెరికన్, శావేజ్ 110, కాస్త పైన టిక్కా టీ3ఎక్స్. టిక్కా బోల్ట్ వెన్నలా జారుతుంది గానీ, స్కోపుతో కలిపి నీ బడ్జెట్ దాటుతుంది.

క్యాలిబర్ దగ్గర ఆగి ఆలోచించు. కాగితానికే అయితే .223, ఎందుకంటే తూటా చవక, వెనక్కి తన్నదు. రూగర్ అమెరికన్ రాంచ్ 5.56 బ్యారెల్ 16 అంగుళాలు, ట్విస్ట్ (బ్యారెల్ లోపలి గాడుల మెలిక) 8 అంగుళాలకు ఒక చుట్టు. దాంట్లో 55 గ్రెయిన్ (తూటా బరువు కొలత) నుంచి 77 గ్రెయిన్ దాకా నిలకడగా వెళ్తుంది. అదే 9 అంగుళాల ట్విస్ట్ పాత రైఫిల్ అయితే 69 గ్రెయిన్ దాటితే కాగితం మీద తూటా అడ్డంగా తగిలిన చిల్లులు కనిపించే ప్రమాదముంది. బ్యారెల్ మీద ".223 రెమ్" అని మాత్రమే ఉంటే 5.56 తూటా వేయకు, చాంబర్ తేడా వల్ల ఒత్తిడి పెరుగుతుంది. 5.56 అని ఉన్న దాంట్లో రెండూ వెళ్తాయి.

పంది మీద మనసుంటే .308. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం లేని తూటాలే వాడాలి. రాగి తూటా సీసం కంటే తేలిక, అందుకని అదే బరువుకి పొడుగ్గా ఉంటుంది, ట్విస్ట్ వేగంగా కావాలి. .308లో 10 అంగుళాల ట్విస్ట్‌కి 150, 165 గ్రెయిన్ రాగి తూటాలు బాగా పోతాయి. రేంజ్‌లో సీసంతో సాధన చేసి, వేటకు రాగి వేస్తే తూటా అదే చోట పడదు. సీజన్‌కి ముందు రాగితో మళ్లీ జీరో చేసుకోవాల్సిందే (తూటా పడే చోటికి స్కోపు గురి సరిచేసుకోవాలి).

వల్లెహో_వాసు
సెమీ ఆటోనే కావాలి, గీత పక్కన నిలబడకూడదు. అలాంటిది లేదా?

శాక్రమెంటో_శాస్త్రి
ఉంది. చెక్క స్టాక్ ఉన్న రూగర్ మినీ-14 రాంచ్. చెయ్యి మామూలు వేట తుపాకీలా పట్టుకుంటుంది, 18.5 అంగుళాల బ్యారెల్, కొసన ఏమీ ఉండదు. ఉన్నది ఉన్నట్టుగానే ఫీచర్‌లెస్. అదే కంపెనీ ట్యాక్టికల్ మోడల్‌కి ఫ్లాష్ సప్రెసర్ ఉంటుంది కాబట్టి పేరు ఒకటే అని పొరబడొద్దు. ధర వెయ్యి పైమాటే, మ్యాగజైన్లు ఆ రైఫిల్‌కి ప్రత్యేకం, ఏఆర్‌వి పట్టవు. ఖాళీ తొడుగుల్ని దూరంగా విసిరికొడుతుంది, స్కోపు పక్క నాబ్ మీద మచ్చలు పడటం మామూలే. దాని గురి కూడా ఆ ధరకు తగ్గట్టు ఉండదని నా అభిప్రాయం.

ఎమ్1 గారండ్ కూడా ఈ కోవలోదే. 8 రౌండ్ల క్లిప్, ఊడే మ్యాగజైన్ లేదు. తూటా ఖర్చు, బరువు రెండూ ఎక్కువ. మొదటి రైఫిల్‌గా చెప్పను.

సన్నీవేల్_సీత
ధర మాటొచ్చింది కాబట్టి లెక్క వేసి చూపిస్తా, బోర్డు మీద రేటు చూసి వెళ్తే కౌంటర్ దగ్గర కళ్లు తిరుగుతాయి. రైఫిల్ 700 డాలర్లనుకోండి. 2024 జులై 1 నుంచి రాష్ట్రం 11 శాతం ఎక్సైజ్ వేస్తోంది, అది 77. దాన్ని బిల్లులో విడిగా చూపించే షాపుల్లో సేల్స్ ట్యాక్స్ ఆ మొత్తం మీద పడుతుంది. సుమారు 9 శాతం చొప్పున 777 మీద 69.93. డ్రాస్ (అమ్మకం రికార్డు, బ్యాక్‌గ్రౌండ్ చెక్) ఫీజు 37.19. ఫైర్‌ఆర్మ్ సేఫ్టీ సర్టిఫికెట్ 25. మొత్తం 909 డాలర్లు. స్కోపుకి, తాళానికి ఇంకా ఏం పెట్టలేదు. తూటాల మీద కూడా 11 శాతం ఉంది. సెకండ్ హ్యాండ్ అయితే ఇద్దరు వ్యక్తుల మధ్య అమ్మకం డీలర్ ద్వారానే జరగాలి. డీలర్ 10 డాలర్లు, పైన డ్రాస్, అంతే, ఎక్సైజ్ పడదు. రాజు గారు పాత శావేజ్ లాంటిది చూసుకుంటే స్కోపుకి డబ్బు మిగులుతుంది.

పని వరుస ఇలా ఉంటుంది. సేఫ్టీ సర్టిఫికెట్ పరీక్ష షాపులోనే, 30 ప్రశ్నలు, 23 రైటవ్వాలి. పోతే 24 గంటల తర్వాత అదే చోట ఫీజు లేకుండా మరోసారి రాయొచ్చు. సర్టిఫికెట్ అయిదేళ్లు చెల్లుతుంది. వయసు 21 నిండాలి. డ్రైవింగ్ లైసెన్స్ మీద "ఫెడరల్ లిమిట్స్ అప్లై" అని ఉంటే అదొక్కటీ చాలదు, రియల్ ఐడీ తీసుకోవడం సులువు. కాగితాలు కట్టాక 10 రోజులు ఆగాలి. రోజంటే నిండు 24 గంటలు, కాబట్టి సాయంత్రం 5కి కడితే పదో రోజు పొద్దున్నే వెళ్లినా ఇవ్వరు. 30 రోజుల్లోపు తీసుకోకపోతే ఫీజు కట్టి మళ్లీ మొదట్నుంచి. తీసుకునే రోజు రైఫిల్ సురక్షితంగా పట్టుకోవడం చేసి చూపించాలి. ఆమోదించిన తాళం కొనాలి, లేదా సేఫ్ ఉందని అఫిడవిట్ ఇవ్వాలి.

మిల్పిటాస్_మురళి
తూటాల దగ్గర మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే ముల్లు ఒకటుంది. ప్రతి కొనుగోలుకీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. మామూలు చెక్ మీ పేరు, పుట్టిన తేదీ, లైసెన్స్ నంబరు, అడ్రసులను తుపాకీ రికార్డుతో పోల్చి చూస్తుంది. మన పేర్లు పొడుగు. ఇంటిపేరు ముందా వెనకా, మధ్య పేరు పూర్తిగా రాశారా పొడి అక్షరమా అన్నది ఒక్కో కార్డు మీద ఒక్కోలా ఉంటుంది. డ్రాస్ వేసేటప్పుడు గుమస్తా స్క్రీన్ మీద టైప్ చేసిన పేరు, మీ లైసెన్స్ మీదున్న పేరు అక్షరం అక్షరం సరిచూడండి. తర్వాత అపార్ట్‌మెంట్ మారి లైసెన్స్ అడ్రసు మార్పించి, తుపాకీ రికార్డులో మార్చకపోయినా చెక్ తిరగ్గొడుతుంది. రాష్ట్ర న్యాయ శాఖ ఆన్‌లైన్ సైటులో ఆ రికార్డు అడ్రసు మార్చుకోవచ్చు.

మొదటిసారి కొనేవాళ్లకు రికార్డే ఉండదు కాబట్టి, రైఫిల్ చేతికి తీసుకునే రోజు అదే లావాదేవీలో తూటాలు కూడా కొనేస్తే పని సులువు. లేకపోతే 19 డాలర్ల విడి చెక్ వేసి రోజుల తరబడి ఎదురుచూడాలి.

రైఫిల్‌కి తగ్గ తూటా కాదు, రేంజ్ ఒప్పుకునే తూటా కొనండి. కప్పున్న రేంజ్‌లలో చాలాచోట్ల స్టీల్ ముక్క ఉన్న గ్రీన్ టిప్ వద్దంటారు, అయస్కాంతం పెట్టి మరీ చూస్తారు.

డల్లాస్_టు_డబ్లిన్
టెక్సాస్ నుంచి బే ఏరియాకి మారుతున్నాం. నాకు సిటిజన్‌షిప్ ఉంది. మామూలు ఏఆర్, 30 రౌండ్ల మ్యాగజైన్లు, 10/22 ఉన్నాయి. ఏం చేయాలి?

శాక్రమెంటో_శాస్త్రి
సరిహద్దు దాటకముందే తేల్చుకోండి. వచ్చాక సర్దుకుందాం అంటే అప్పటికే ఆలస్యం. మ్యాగజైన్లు అక్కడే అమ్మేయండి లేదా ఇచ్చేయండి. ఏఆర్ రిసీవర్ పేరు నిషేధ జాబితాలో ఉందేమో చూడండి. ఉంటే అక్కడే వదిలించుకోవాలి. లేకపోతే టెక్సాస్‌లోనే ఫీచర్‌లెస్ చేయించి, తీసిన గ్రిప్, స్టాక్, ఫ్లాష్ హైడర్ అక్కడే వదిలేసి తీసుకురండి. 10/22 హాయిగా తెచ్చుకోవచ్చు. వచ్చిన 60 రోజుల్లోపు ప్రతి తుపాకీనీ కొత్త నివాసి రిపోర్టులో రాష్ట్ర న్యాయ శాఖకు చెప్పాలి. మూవర్స్ ట్రక్కులో పెట్టకండి, మీ కారులో ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో తీసుకురండి.

ఎడిసన్_ఏలూరు
మా న్యూజెర్సీకి ఇవే వర్తిస్తాయా?

ఉమ_శాన్‌డియెగో
లేదండి, ఈ చర్చ చదివి అక్కడ కొనకండి. మీ దగ్గర ముందు పోలీసుల నుంచి ఫైర్‌ఆర్మ్స్ పర్చేజర్ ఐడీ కార్డు తీసుకోవాలి. సెమీ ఆటోకి అక్కడ రెండు ఫీచర్ల లెక్క. పిస్టల్ గ్రిప్ ఒక్కటే ఉంటే ఫర్వాలేదు గానీ, ఇక్కడ పట్టించుకోని మరల బ్యారెల్ అక్కడ ఫీచర్. ఇక్కడ మామూలుగా అమ్ముడయ్యే ఎమ్1 కార్బైన్ రకం అక్కడ నిషేధ జాబితాలో ఉంది. వాషింగ్టన్ వాళ్లు కూడా ఉంటే వినండి, 2018 ఇనీషియేటివ్ ప్రకారం మీ దగ్గర 10/22 లాంటి .22 సెమీ ఆటో కొనాలన్నా శిక్షణ రుజువు, 21 ఏళ్లు కావాలి. బోల్ట్ యాక్షన్ మాత్రం ఈ మూడు చోట్లా తక్కువ గొడవ.

ఫ్రీమాంట్_రాజు
అందరికీ ధన్యవాదాలు. .308 బోల్ట్, సెకండ్ హ్యాండ్ శావేజ్ వైపే మొగ్గుతున్నా. చూసేటప్పుడు ఏం చూడాలి? ఇంట్లో ఎలా పెట్టాలి?

బోల్ట్_బాబాయ్
ముందు బోల్ట్ తీసి, బ్యారెల్‌లోకి వెనక నుంచి టార్చి వేసి చూడు. చాంబర్ దాటిన వెంటనే గాడులు ఎండిన చెరువు మట్టిలా బీటలు వారి ఉంటే ఆ బ్యారెల్ వయసు అయిపోయినట్టే. .308లో అంత త్వరగా రాదు, వేగంగా పోయే సన్న క్యాలిబర్లలో ఎక్కువ. కొసన అంచు మీద గీత, నొక్కు ఉన్నాయేమో వేలితో తడుము. ఖాళీ అని రెండుసార్లు చూసుకుని బోల్ట్ మూసి, సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగు, వదిలి సేఫ్టీ తియ్యి. అప్పుడు టిక్కుమని పిన్ పడితే కొనకు. స్టాక్‌కీ బ్యారెల్‌కీ మధ్య డాలరు నోటు దూర్చి వెనక్కి లాగు, ఎక్కడైనా పట్టుకుంటే బ్యారెల్ వేడెక్కే కొద్దీ గురి జరుగుతుంది.

స్కోపు బిగించడంలోనే కొత్తవాళ్లు సగం మంది చెడగొడతారు. బేస్ స్క్రూలు 20 నుంచి 25 ఇంచ్ పౌండ్లు, రింగుల పై స్క్రూలు 15 నుంచి 18. చేత్తో అంచనా వేయొద్దు, టార్క్ స్క్రూడ్రైవర్ అద్దెకో అరువుకో తెచ్చుకో. ఎక్కువ బిగిస్తే ట్యూబు నొక్కుకుపోయి నాబ్ తిప్పినా లోపల కదలదు. బేస్ స్క్రూల మీద నూనె లేకుండా తుడిచి నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక్క చుక్క.

ఉమ_శాన్‌డియెగో
ఇంట్లో అంటే, 2026 జనవరి 1 నుంచి కొత్త నిబంధన వచ్చింది. మీరు ఒంటి మీద గానీ చేతికందేంత దగ్గర గానీ ఉంచుకోనప్పుడు, తుపాకీ తాళం వేసిన పెట్టెలోనో సేఫ్‌లోనో ఉండాలి, లేదా రాష్ట్రం ఆమోదించిన లాక్ వేసి ఉండాలి. మీ ఇంట్లో వీసా మీద ఉన్నవాళ్లు ఉన్నారు కాబట్టి ట్రిగ్గర్ లాక్‌తో సరిపెట్టకుండా సేఫే పెట్టండి. తూటాలు కూడా అందులోనే, ఎందుకంటే వాళ్లకు తూటా కూడా నిషేధమే. రేంజ్‌కి వెళ్లేటప్పుడు ఖాళీగా, తాళం వేసిన కేసులో, డిక్కీలో. దారిలో స్కూలుకి వెయ్యి అడుగుల లోపల నుంచి పోకుండా ఫ్రీమాంట్‌లో ఏ రోడ్డూ లేదు, ఆ తాళమే మిమ్మల్ని కాపాడేది.

సన్నీవేల్_సీత
సేఫ్ రసీదు దాచండి. అఫిడవిట్ ఇచ్చేటప్పుడు తయారీదారు పేరు, మోడల్ అడుగుతారు.